పదకొండో మంచం

ఉదయం ఆరు నలభైకి బోధన్ బస్సు నిజామాబాద్ బస్టాండులో ఆగింది. జూలై నెల. సన్నటి వాన. చాయ్ తాగి షేర్ ఆటోలో కంఠేశ్వర్ వెళ్లాను. ఏడు గంటల ఐదు నిమిషాలకు ఆసుపత్రి గేటు దగ్గర రిపోర్ట్ చేశాను.

మా ఊళ్లో వాళ్లు నన్ను సరిహద్దు సంగతులు అడుగుతారు. పదిహేడేళ్లు ఫౌజులో ఉన్నాను. రెండుసార్లు మంచు పోస్టుల్లో డ్యూటీ చేశాను. ఆ సంగతులు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ గంటలూ నిమిషాలతో సహా నాకు గుర్తున్న డ్యూటీ రిటైరయ్యాక చేసింది. తొమ్మిది నెలలు. మా ఊరికి ముప్పై కిలోమీటర్లు కూడా లేని చోట, ఒక ఆసుపత్రిలో గార్డుగా.

అది ప్రైవేటు ఆసుపత్రి. పేరు చెప్పను. నాలుగు అంతస్తులు. మగవాళ్ల వార్డు రెండో అంతస్తులో ఉండేది. ఇరవై నాలుగు ఇనుప మంచాలు. ప్రతి మంచానికి కాళ్ల వైపు, కింద, తిప్పే పిడి ఉంటుంది. తిప్పితే తలవైపు లేస్తుంది. నాకిచ్చిన సామాను బూడిదరంగు యూనిఫాం రెండు జతలు, ఈల, లాఠీ, వాకీటాకీ. లాఠీని మొదటి రోజే గేటు గదిలో మూలకు పెట్టాను. మళ్లీ తీయలేదు.

నా జోడీ గార్డు కూడా బోధన్ వైపు మనిషే. అంతకు ముందు చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేశాడు. నా డ్యూటీ ఏమిటో అతనే చెప్పాడు.

"గేటు, పార్కింగు, ఓపీ లైను. గంతే. పైనుంచి పిలుపొస్తె మాత్రం ఉరకాలె."

"దేనికి?"

"పట్టనీకి."

"ఎవరిని?"

"నీకే ఎర్కైతది ఫౌజీ. తొందరేముంది."

ఆ సాయంత్రం నాలుగింటికే తెలిసింది. వాకీటాకీలో సిస్టర్ గొంతు వచ్చింది. "మేల్ వార్డు. ఇద్దరు రావాలె." మెట్లెక్కి పైకి పోయాం. ఆరో మంచం మీద ముప్పై ఐదేళ్ల మనిషి సెలైన్ సూది పీకేసుకుని, గోడ మీద లేని పురుగుల్ని దులుపుతున్నాడు. మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. నేను చేతులు పట్టాను. జోడీ గార్డు కట్టాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

ఈ జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. కొన్ని దుకాణాల్లో కల్లులో మత్తుమందు పొడి కలుపుతారు. ఏళ్ల తరబడి తాగినవాడికి అది రెండు రోజులు దొరక్కపోతే చేతులు వణుకుతాయి. చెమటలు పోస్తాయి. మాట తడబడుతుంది. కొందరికి ఫిట్స్ వస్తాయి. కొందరు లేనివాళ్లతో మాట్లాడతారు, మంచం దిగి పరుగెత్తుతారు, కింద పడి తల పగలగొట్టుకుంటారు. మందులు పనిచేసేవరకు వాళ్లను మంచానికి కట్టేవాళ్లం. చేతులు రెండు, కాళ్లు రెండు. తలవైపు లేపి ఉంటే మనిషి కిందికి జారతాడు, కట్లు వదులవుతాయి. అందుకని ముందు పిడి తిప్పి మంచాన్ని సమంగా దించేవాళ్లం. ఎవరూ రాసి పెట్టిన పద్ధతి కాదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది.

గాజుగుడ్డ చుట్టలు తొందరగా అయిపోయేవి. అందుకని ఇంటివాళ్ల తువ్వాలలు వాడేవాళ్లం. కొన్నాళ్లకు అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. కల్లు పేషెంటును తెచ్చినవాళ్లు సంచిలో రెండు పాత తువ్వాలలు వేసుకుని వచ్చేవాళ్లు. సిస్టర్ చేయి చాపగానే ఇచ్చేవాళ్లు. మనుషులు తక్కువ కాబట్టి కాళ్లు పట్టేది కూడా ఇంటివాళ్లే. భార్య, అన్న, కొడుకు, ఎవరు దగ్గరుంటే వాళ్లు.

నాకు కట్టడం బాగా వచ్చు. కొండ మీది నుంచి దెబ్బ తగిలినవాణ్ని స్ట్రెచర్ మీద దించేటప్పుడు జారకుండా కట్టాలి. అక్కడ నేర్చుకున్నాను. రెండో నెల నుంచి కట్టే పని నాదే అయింది. "ఫౌజీ కడితె ఇగ ఊడది," అనేది సిస్టర్. ఆ మాట నాకు నచ్చేది. అది ఇక్కడ రాయక తప్పదు.

మార్చి రెండో వారంలో మా వైపు కల్లు దుకాణాలు చాలా మూసేశారు. తనిఖీలన్నారు. మూడో రోజు నుంచి ఆటోలు రావడం మొదలైంది. ఇరవై నాలుగు మంచాల వార్డులో ముప్పై ఒక్కమంది ఉన్నారు. ఏడుగురు కింద చాపల మీద. ఒక్క సిస్టర్, ఒక్క ఆయమ్మ. డ్యూటీ డాక్టరు ఒక్కడే, మా వార్డుకూ పై అంతస్తు ఐసీయూకూ కలిపి. అతను ముందు రోజు పొద్దున వచ్చినవాడు ఇంకా ఇంటికి పోలేదు. మంచి మనిషి. పేషెంటును 'నువ్వు' అని పిలవడం నేనెప్పుడూ వినలేదు.

ఆ వారం గురువారం పొద్దున పదకొండు ఇరవైకి ఒక అద్దె కారు గేటులోకి వచ్చింది. చందూర్ దగ్గరి పల్లె నుంచి. వెనక సీటులో యాభై దాటిన రైతు, పక్కన ఆయన భార్య. ఆయన పేరు గంగారాం, ఆమె పేరు సాయవ్వ. స్ట్రెచర్ మీద పడుకోబెట్టబోతే ఆయన పడుకోలేదు. స్ట్రెచర్ అంచులు రెండు చేతులతో పట్టుకుని కూర్చునే లోపలికి వచ్చాడు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. కళ్లు ఎక్కడా నిలవడం లేదు.

పదకొండో మంచం అప్పుడే ఖాళీ అయింది. సిస్టర్ ఆక్సిజన్ మాస్కు పెట్టింది. ఆయన లాగేశాడు. మళ్లీ పెట్టింది. మళ్లీ లాగాడు. వేలికి పెట్టే మిషను పెట్టింది. వేళ్లు వణుకుతుంటే అందులో అంకె నిలవలేదు.

"కల్లు బంద్ వెట్టి ఎన్ని దినాలైతుంది?" అని సిస్టర్ సాయవ్వను అడిగింది.

"కల్లు ముట్టడమ్మ ఆయన. మా ఇంట్ల ఎవ్వరం ముట్టం."

"అందరు గట్లనే అంటరక్కా. దాచిపెడితె మీకే లుక్సాను."

"దాసుడెందుకు? పానం బాగ లేదని తీస్కొస్తిమి గని."

జోడీ గార్డు నా చెవి దగ్గర అన్నాడు. "మన జిల్లాల కల్లు మనుషులు తాగరు ఫౌజీ. చెట్లే గీసుకొని చెట్లే తాగుతయి."

నేను నవ్వాను. సాయవ్వ మా వైపు చూసింది.

పన్నెండు గంటల ఐదు నిమిషాలకు డాక్టరు వచ్చాడు. ఛాతీ మీద స్టెత్ పెట్టాడు. గంగారాం దాన్ని తోసేసి లేవబోయాడు. అదే నిమిషంలో పైనుంచి పిలుపు వచ్చింది, ఐసీయూలో ఒకతనికి ఫిట్స్ ఆగడం లేదని. డాక్టరు మెట్ల వైపు నడుస్తూనే ఇంజెక్షన్ పేరు చెప్పాడు. "కట్టండి. నేను వచ్చి మళ్ళీ చూస్తాను," అన్నాడు.

సిస్టర్ ఇంజెక్షన్ ఇచ్చి సాయవ్వ వైపు చేయి చాపింది. "తువ్వాల."

"ఎందుకు?" అంది సాయవ్వ.

ఆ వారంలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లందరికీ ఎందుకో తెలుసు. ఆమె సంచిలో ఒక నీళ్ల సీసా, రెండు రొట్టెలు, ఆయన లుంగీ ఒకటి ఉన్నాయి. తువ్వాల లేదు. ఇంట్లో ఎవరూ కల్లు ముట్టని మనిషికి తువ్వాల తేవాలని ఎలా తెలుస్తుంది? ఇది నాకు ఆ క్షణంలోనే తట్టింది. తరువాత ఆలోచిస్తే తట్టింది కాదు. తట్టింది, పక్కకు పోయింది. కింద చాప మీద ఇంకొకతను అరుస్తున్నాడు. చేతిలో పని ఉంది.

ఆయన భుజం మీది తువ్వాలనే తీసుకుని నిలువునా రెండుగా చింపాను. ఆయమ్మ పిడి తిప్పి మంచం దించింది. జోడీ గార్డు భుజాలు నొక్కాడు. కాళ్లు పట్టేవాళ్లు లేరు.

"అవ్వా, జర కాళ్లు పట్టు," అన్నాను సాయవ్వతో.

ఆమె పట్టింది. ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. ఏదో అన్నాడు, ఊపిరి చాలక మాట బయటికి రాలేదు. రెండు చేతులు తువ్వాల ముక్కలతో కట్టాను. కాళ్లు గాజుగుడ్డతో. కడుతుంటే గుడ్డ మడమ పైన కండలోకి దిగింది. కాళ్లు వాచి ఉన్నాయి. నా బొటనవేలు తీసిన చోట గుంట అట్లే ఉండిపోయింది. పన్నెండు పదిహేనుకు పని అయిపోయింది.

పన్నెండు నలభైకి నేను ఏడో మంచం దగ్గర ఉన్నాను. సాయవ్వ వచ్చి నా పక్కన నిలబడింది.

"అన్నా, ఆయనను కూసవెట్టున్రి."

"మందు పడ్డదవ్వా. కొంచెం సేపైతే పడుకుంటడు."

"పండడన్నా. పది దినాలసంది పండుత లేడు. గోడకు ఒరిగి కూసునే నిద్రవోతున్నడు. పండితె దమ్మొస్తుందని లేస్తడు."

నాకు వెంటనే మంచు పోస్టు గుర్తొచ్చింది. రెండోసారి పోయినప్పుడు మా సెక్షన్‌లో ఒక జవానుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అతను కూడా స్లీపింగ్ బ్యాగు లాగి పారేసి లేచి కూర్చున్నాడు. అతనికి భయం పట్టుకుందని మేం అనుకున్నాం. మా నర్సింగ్ అసిస్టెంటు వచ్చి మమ్మల్ని తిట్టి, అతని వెనక మూడు మూటలు పెట్టి కూర్చోబెట్టాడు. హిందీలో ఒకే మాట పదేపదే చెప్పాడు. పడుకోబెట్టొద్దు. పడుకుంటే మునిగిపోతాడు. మర్నాడు హెలికాప్టర్ వచ్చేవరకు మేం వంతులవారీగా అతని వీపుకు వీపు ఆనించి కూర్చున్నాం. అతను బతికాడు. ఇప్పటికీ పండగలకు ఫోన్ చేస్తాడు.

ఇంత తెలిసిన మనిషిని నేను. సిస్టర్ దగ్గరికి పోయాను.

"సిస్టర్, పదకొండు నంబరును కూర్చోబెడదామా? పండుకుంటే ఊపిరి ఆడదంటుంది ఆయన భార్య."

ఆమె రెండు చేతులతో ఒకతని సూది పట్టుకుని ఉంది. తల తిప్పలేదు. "సార్‌ను అడుగుదాం. ఇంజెక్షన్ మీదున్నడు. పడితె జవాబు ఎవరు చెప్పాలన్న?"

"సార్ ఎప్పుడొస్తడు?"

"పైనున్నడు. వస్తడు."

నేను సరే అన్నాను. పై అంతస్తుకు పద్దెనిమిది మెట్లు. ఎక్కి డాక్టరును అడగవచ్చు. పిడి తిప్పి తలవైపు లేపవచ్చు, కట్లు విప్పకుండానే. పన్నెండు చుట్లు తిప్పితే సగం లేస్తుంది. నన్ను ఎవరూ ఆపలేదు. ఆర్డరు లేదని నేనే ఆగాను. సాయవ్వ దగ్గరికి వచ్చి, "సార్ వస్తున్నరవ్వా, వచ్చి చూస్తరు," అని చెప్పాను. ఆమె నమ్మింది. తిరిగి పోయి ఆయన తల కింద చేయి పెట్టి, ఎత్తి పట్టుకుని నిలబడింది. ఎంతసేపు అట్లా పట్టుకుందో నేను చూడలేదు.

ఒంటిగంటన్నరకు కింద గేటు గదిలో అన్నం తిన్నాను. టమాటా పప్పు. ఒకటి యాభైకి పైకి వచ్చాను. పదకొండో మంచం నిశ్శబ్దంగా ఉంది. సిస్టర్ అటు చూసి, "హమ్మయ్య, మందు పట్టింది," అంది. నాకూ అట్లే అనిపించింది. ఊరటగా కూడా అనిపించింది.

రెండు గంటల పది నిమిషాలకు ఆయమ్మ పిలిచింది. గట్టిగా కాదు. "సిస్టరమ్మా, గీ పెద్దాయన మూతి సూడున్రి." పెదవుల దగ్గర నురగ ఉంది. లేత ఎరుపు నురగ. మంచు పోస్టు మీద నేను చూసింది అదే.

నేను మణికట్టు దగ్గరి ముడి విప్పబోయాను. ఆయన గంటన్నర గుంజుకున్నాడు. చెమటకు తడిసిన తువ్వాల బిగిసిపోయింది. గోరు దిగలేదు. ఒంటి చేత్తో విప్పలేని ముడి వేయకూడదని నేనే జోడీ గార్డుకు నేర్పాను. సిస్టర్ కత్తెర తెచ్చింది. డాక్టరు పరుగున వచ్చాడు. ఛాతీ నొక్కాడు. నన్ను నొక్కమన్నాడు. నొక్కాను. రెండు ముప్పై ఐదుకు ఆపమన్నాడు.

సాయవ్వకు డాక్టరే చెప్పాడు. గుండె బలహీనమై ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, చాలా రోజులుగా చేరుతూ ఉండి ఉంటుందని. ఆమె అంతా విని ఒక్క మాటే అడిగింది.

"ఇప్పుడన్న కూసవెడ్తరా?"

ఆమే వంగి మంచం కింద పిడి కోసం వెతికింది. ఎటు తిప్పాలో ఆమెకు తెలియలేదు. ఆయమ్మ పోయి, ఆమె చేతి మీద చేయి వేసి తిప్పింది. తలవైపు నెమ్మదిగా లేచింది. గంగారాం మా అందరికీ ఎదురుగా కూర్చున్నాడు. మణికట్ల మీద తువ్వాల నేత అచ్చు పడి ఉంది, గళ్లతో సహా. సాయవ్వ ఆయన లుంగీ సర్ది, మంచం అంచున కూర్చుంది.

డాక్టరు మెట్ల మీద కూర్చున్నాడు. నన్ను అడిగాడు.

"ఆమె ముందే చెప్పిందా, పడుకోలేడని?"

"చెప్పింది సార్. పన్నెండు నలభైకి."

"నా దాకా రాలేదు."

"నేను రాలేదు సార్."

"నేను రెండు నిమిషాలు నిలబడి వింటే సరిపోయేది," అన్నాడు. అతను నన్ను తప్పుపట్టి ఉంటే నాకు బాగుండేది.

మూడో రోజు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి సంతకం చేయమన్నారు. రోగి హింసాత్మకంగా ప్రవర్తించాడని, బంధువుల అంగీకారంతో కట్టారని అందులో ఉంది. గంగారాం ఎవరినీ కొట్టలేదు. లేచి కూర్చోవాలనుకున్నాడు. నేను ఇంకో కాగితం అడిగి తీసుకుని నాకు తెలిసింది రాశాను. గంటలు వేశాను. నేను ఏం చేశానో, ఏం చేయలేదో రాశాను. సిస్టర్ చదివి, కింద తనూ సంతకం పెట్టింది. డాక్టరు కూడా పెట్టాడు. జోడీ గార్డు పెట్టలేదు. "పిల్లలున్నరు ఫౌజీ," అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఆ కాగితం నకలు సాయవ్వకు ఇవ్వాలని అడిగాను. ఆఫీసువాళ్లు సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. నేనే ఒక నకలు తీయించుకున్నాను.

నెలాఖరుకు ఉద్యోగం మానేశాను. మర్నాడు చందూర్ బస్సెక్కాను. పల్లె చేరేసరికి ఉదయం తొమ్మిదిన్నర. ఎండ అప్పటికే గట్టిగా ఉంది. యాసంగి వరి పాలు పోసుకుంటోంది. సాయవ్వ వాకిట్లో పసుపు కొమ్ములు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది.

వచ్చేటప్పుడు బస్సులో మాటలు వరుసగా పెట్టుకున్నాను. అవి ఏవీ రాలేదు. కాగితం ఆమె చేతికిచ్చి, చదువు రాదంటే చదివి వినిపించాను. కట్టింది నేనని, ఆయన కూర్చోవాలని ఎందుకు అంటున్నాడో నాకు తెలుసని, తెలిసీ ఆగానని చెప్పాను. ఈ కాగితంతో ఫిర్యాదు చేయవచ్చని, నన్ను ఎక్కడికి పిలిచినా వచ్చి ఇదే చెబుతానని అన్నాను.

ఆమె పసుపు కొమ్ములు ఏరుతూనే ఉంది. చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి.

"నువ్వు కట్టినవని నాకెర్క లేదా? ఎదురుంగనే ఉంటి గద."

"అవునవ్వా."

"నీ పేరు కాయితంల రాసుకున్నవు. నాదేది మరి?"

నాకు అర్థం కాలేదు.

"కాళ్లు వట్టింది నేను గద," అంది. "ఆయన తన్నుకుంటుంటె నా బలమంత వెట్టి వట్టిన. ముప్పై ఏండ్లల్ల ఆయనెన్నడు నా దిక్కు గట్ల సూడలే. నేను వట్టకుంటె నువ్వు కట్టకపోదువు. అవునా కాదా?"

"నేను పట్టమంటేనే పట్టినవ్. నీకేం తెలుసవ్వా?"

"ఎర్కనే. పండితె దమ్మాడదని నాకు ఎర్కనే. నువ్వు సారు లెక్క చెప్తివి. వట్టిన."

తప్పంతా నాదని చెప్పడానికి పోయాను. చెబితే ఆమె కొంత తేలికపడుతుందని అనుకున్నాను. ఆమె తన వంతు నాకు ఇవ్వలేదు. లేచి లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. తాగాను. కాగితాన్ని నాలుగు మడతలు చేసి రవికలో పెట్టుకుంది. ఫిర్యాదు చేస్తుందో లేదో చెప్పలేదు. ఆ తరువాత నాకు ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు.

పన్నెండుంబావు బస్సుకు బోధన్ తిరిగి వచ్చాను. ఇంట్లో ఎక్కడికి పోయావంటే చందూర్ అని మాత్రం చెప్పాను.

ఫౌజులో చూసిన చావులు చాలావరకు మసకబారాయి. ముఖాలు గుర్తున్నా గంటలు గుర్తు లేవు. ఇది మాత్రం పోదు. మంచం కాళ్ల వైపు వంగి ఒక ఆడమనిషి రెండు చేతులతో భర్త కాళ్లను పరుపుకు అదిమి పట్టి ఉంది. ఆయన మెడ ఎత్తి, ఊపిరి కోసం నోరు తెరిచి ఆమెను చూస్తున్నాడు. మధ్యలో నేను తల వంచి ముడి బిగిస్తున్నాను.

సిస్టర్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఇప్పుడు కట్టాలంటే డాక్టరు పక్కన నిలబడి చూసి, ఎందుకో రాసి, పావుగంటకోసారి ఊపిరి లెక్కపెట్టాలట. మంచం తలవైపు దించరట. ఒక్కోసారి ఇద్దరు మనుషులు చాలక ఇబ్బంది పడుతున్నారట. అయినా ఆ వార్డులో ఇప్పుడు ఇంటివాళ్ల చేత కాళ్లు పట్టించరు.